తీయకూడని లైను

"ఆగిపోయింది," అన్నాడు ఇంజినీరు తెర మీద వేలు పెట్టి. "సరిగ్గా పదకొండింటికి."

పుస్తకాల గోదాములో లేబుళ్లు కొట్టే ఆపరేటరమ్మ అప్పటికే కుర్చీలోంచి సగం లేచింది. ఆ మాట విని మళ్లీ కూర్చుంది.

"ఆగిపోలేదు సార్. రోజూ ఇంతే. సగం లేబుళ్లు కొట్టి ఇరవై నిమిషాలు ఆగుతుంది. తర్వాత తక్కిన సగం కొడుతుంది."

"ఎందుకు?"

నాలుగు నెలలుగా ఆమె ఎవరినీ అడగని ప్రశ్న అది. అడిగితే ఆ అదృష్టం కాస్తా ఎక్కడ పోతుందోనని భయం. యంత్రం పనిచేస్తున్నంతసేపూ ఆపరేటరు సీటు వదలకూడదు. తెర మీద 'విరామం' అని పడితేనే లేవాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె వెనక గేటు దాటి, సందు చివర దర్జీ కొట్లో కూర్చుని ఉండే ఆడబిడ్డ దగ్గరికి పరుగెత్తుతుంది. ఆడబిడ్డ ఒళ్లో ఆరు నెలల కూతురు. సీసా పాలు పెదవికి తగిలితే చాలు, పెద్ద ఆరిందాలా మొహం తిప్పేసుకుంటుంది. చంటిపిల్ల ఉందన్న సంగతి గోదాములో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా రెండు నెలలుంది మరి.

ఇంజినీరు చెడ్డవాడేం కాదు. పాత కంప్యూటరు తీసి కొత్తది పెట్టడానికి వచ్చాడు. యంత్రానికి వరసగా ఆదేశాలు రాసి పెట్టిన పాత స్క్రిప్టును, ఆ ఆదేశాలు చదివి నడిపించే కొత్త షెల్‌కి అప్పగిస్తే అది మొదటి పేజీలోనే నలభై తప్పులు పట్టి కూర్చుంది. దాంతో పాత స్క్రిప్టుల్ని అక్షరం మార్చకుండా, పాత పద్ధతిలోనే నడిపే షెల్ ఒకటి వెతికి తెచ్చాడు. అత్తగారు ఎలా చెబితే అలా చేసుకుపోయే పెద్దకోడలిలాంటిదది. ఎందుకని అడగదు. అందుకే కొత్త కంప్యూటరులోనూ పదకొండింటికి బుద్ధిగా ఆగింది.

అతను స్క్రిప్టు తెరిచాడు. నడిమధ్యలో ఇరవై నిమిషాలు ఆగమని ఒక లైను. పక్కన చిన్న గమనిక: 'ఈ లైను తీయకూడదు.'

"తీయకూడదట. కారణం మాత్రం రాయలేదు మహానుభావుడు," అని నవ్వాడు. "తీసేస్తాను మేడం. కారణం తెలియని లైను ఉంచానంటే మా పెద్దసారు ఊరుకోడు. మీకూ గంట పని నలభై నిమిషాల్లో అయిపోతుంది."

"ప్రింటరు వేడెక్కుతుంది సార్. చల్లారడానికి పెట్టుంటారు."

నోటికొచ్చిన మాట అనేసింది. అతను లేచి వెళ్లి ప్రింటరు మీద అరచెయ్యి ఆనించాడు.

"మీ నీళ్లసీసా కంటే చల్లగా ఉంది."

ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. గోడ గడియారం పదకొండూ నాలుగు. పాలు చేపుకొచ్చి గుండెలు బరువెక్కుతున్నాయి. బట్టలు తడిస్తే తెలిసిపోతుందని ఫైలొకటి తీసి గుండెలకు హత్తుకుంది. తను లేచి వెళితే ఇతను లైను తీసేస్తాడు. సందు చివర పిల్ల ఏడుపు లంకించుకునే ఉంటుంది. అంత దూరం నుంచి వినపడదు. అయినా వినపడుతోంది.

"మీకెందుకంత కంగారు?" అన్నాడతను.

"కంగారేముంది సార్. తప్పులొస్తే నా పీకకే కదా చుట్టుకుంటుంది."

"అదీ నిజమే. రాసినాయన్నే అడిగేద్దాం. ఫోన్ నంబరు పాత ఫైల్లో ఉంది. రిటైరై చాలా ఏళ్లయిందట. అప్పట్లో మీ కుర్చీలో వాళ్లావిడే కూర్చునేదట తెలుసా? మొగుడు స్క్రిప్టు రాయడం, పెళ్లాం నడపడం."

ఆమెకు నవ్వు రాలేదు. రాసినాయనే ఆ లైను దండగ అనేస్తే ఇంకేముంది? రేపటి నుంచి పిల్ల మధ్యాహ్నం భోజనం బెల్లు దాకా గుక్కపట్టి ఏడవాల్సిందే. లేదంటే తనే ఉద్యోగం మానాలి.

అతను స్పీకరు పెట్టాడు. చాలాసేపటికి ఒక ముసలి గొంతు పలికింది. ఇంజినీరు సంగతంతా చెప్పాడు.

"కారణం చెప్పండి సార్, ఉంచేస్తాను. లేకపోతే ఇప్పుడే తీసేస్తాను. ఇక్కడ ఆపరేటరమ్మేమో ప్రింటరు చల్లారడానికంటోంది."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆపరేటరమ్మా?" అంది గొంతు. "ఎన్నాళ్లయింది వచ్చి?"

"నాలుగు నెలలు. లైను తీస్తానంటే తెగ కంగారుపడుతోంది."

ఆమె కళ్లు మూసుకుంది.

పెద్దాయన దగ్గి గొంతు సవరించుకున్నాడు. "కంగారుపడదూ మరి? బాధ్యత తెలిసిన మనిషి. ఆ లైను జోలికి వెళ్లకు నాయనా. మొదటి సగం సర్దుకోకుండా రెండో సగం వచ్చి పడిందంటే ఏ ఊరి లేబులు ఏ ఊరి కట్ట మీద అంటుకుంటుందో నాకే తెలియదు. ఒకటో తరగతి పిల్లలకు పదో తరగతి పుస్తకాలు వెళ్తాయి. తర్వాత నాకు ఫోన్ చేసి లాభం లేదు."

"కంప్యూటరు కొత్తది కదా సార్?"

"నడిపేది నా స్క్రిప్టునే కదా?"

ఇంజినీరు బుర్ర గోక్కున్నాడు. గమనిక కింద 'లేబుళ్లు కలవకుండా' అని కారణం టైపు చేసి, స్క్రిప్టు మూసేశాడు.

"ఆ అమ్మాయికి ఒకసారి ఇవ్వు. స్పీకరు తీసేయ్," అన్నాడు పెద్దాయన.

ఇంజినీరు స్పీకరు తీసి ఫోన్ ఆమె చేతిలో పెట్టి, వైర్లు చుట్టుకోవడంలో పడ్డాడు. ఆమె గోడవైపు తిరిగి, ఫోన్ చెవికి ఆనించుకుంది.

"చెప్పండి సార్."

"లేబుళ్లేం కలవవులే గానీ, నీకింకా ఎనిమిది నిమిషాలుంది. పరిగెత్తు తల్లీ, బిడ్డ ఆకలికి ఏడుస్తుంటుంది."