ఇంటిపేరు గడిలో చుక్క

“ఇంటిపేరు?”

“పాస్‌పోర్టుల లేదు సార్.”

జోషువా తలెత్తాడు. నెరిసిన గడ్డం, రాతిదుమ్ము పట్టిన చొక్కా. పాస్‌పోర్టులో పేరు హన్మాండ్లు. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఖాళీ.

2006 నాటి మాట. రాస్ అల్ ఖైమా కొండల్లోని ఆ క్వారీలో ఆ ఉదయం నుంచి కొత్త రూలు. కంప్యూటర్ పాస్ ఉన్నవాడే గేటు దాటాలి.

పాస్ ఇచ్చే ఫారం జోషువాదే. జావాలో, స్ట్రట్స్ అనే రెడీమేడ్ చట్రం మీద, రెండు నెలలు కూర్చుని రాశాడు. దాంతో వచ్చే తనిఖీలు చాలవని ఇంటిపేరుకు తన సొంత తనిఖీ ఒకటి చేర్చాడు. కనీసం మూడు అక్షరాలు ఉండాలి. చుక్కలూ అంకెలూ కుదరవు.

ఖాళీగా వదిలి నొక్కి చూశాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘ఇంటిపేరు తప్పనిసరి.’

“ఒక సుక్క వెట్టుండ్రి సార్. విమానం టికెట్ల గట్లనే వెట్టిండ్రు.”

“చుక్క తీసుకోదు పెద్దాయనా.”

“మా ఇంటిపేరు గొల్లపెల్లి. అదన్న కొట్టుండ్రి.”

“పాస్‌పోర్టులో లేనిది కొట్టకూడదు.”

వరుసలోంచి ఎవడో అరిచాడు. “ఏం కాకా, ఇంటిపేర్లు అడుగుతున్నడు, పెండ్లి సంబంధమా? జల్దీ కానీ!”

అందరూ నవ్వారు. హన్మాండ్లు గోడ గడియారం వంక చూశాడు.

“పన్నెండింటికి మందు పేలుస్తరు. అప్పటికి నేను లోపట ఉండాలె సార్.”

“నువ్వు హెల్పరువేగా. నీకేం పని?”

హన్మాండ్లు వంగి ఏదో చెప్పబోయాడు.

అప్పుడే మూర్తి వచ్చి జోషువా కుర్చీ వెనక నిలబడ్డాడు. క్వారీకి ముదీర్, అంటే మేనేజర్, ఆయనే. కాకినాడ మనిషి. తెలుగులో గుసగుసలాడినా ఆయనకు తెలిసిపోతుంది.

హన్మాండ్లు నోరు మూసుకున్నాడు.

“ఏమోయ్, లైను కదలదేం?”

“ఒక తనిఖీ తీసెయ్యాలండి. సర్వర్ ఆపి మళ్లీ లేపాలి.”

“ఒక్కడి కోసం నూట ఎనభై మందిని ఆపుతావా? ఇతన్ని క్యాంపుకు పొమ్మను. ఒక్క తప్పు ఎంట్రీ కనపడిందో, నీ ఉద్యోగం ఖలాస్!”

జోషువా తన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలుసు.

“ఇవాళ్టికి పడుకో పెద్దాయనా. రేపు రా.”

“పండుకునేటందుకు కాదు సార్...”

మూర్తి వంక ఓసారి చూసి, హన్మాండ్లు వెళ్లిపోయాడు.

వరుస అయ్యేసరికి పదకొండుంపావు. జోషువాకు మనసు ఊరుకోలేదు. సర్వర్ ఆపాడు. తనిఖీ తీసేశాడు. మళ్లీ లేపాడు.

లేవలేదు. ఎక్కడో ఒక బ్రాకెట్ మిగిలిపోయింది. దాన్ని వెతికి తీసేసి మళ్లీ లేపాడు.

పావుతక్కువ పన్నెండుకు ఇంటిపేరు గడిలో చుక్క నిలిచింది. పాస్ బయటికొచ్చింది.

అది పట్టుకుని గేటు కాపలాదారు దగ్గరికి పరిగెత్తాడు.

“బుడేన్ సాహెబ్, హన్మాండ్లు ఏడీ?”

“ఎప్పుడో పోయినాడు సార్. క్యాంపుకే పోయుంటాడు.”

సైరన్ మోగింది.

ఒక్కొక్కరే కార్డు గీకి బయటికొస్తున్నారు. అందరికంటే చివర రాళ్లు కొట్టే రాజలింగం, రొప్పుతూ, వెనక్కి వెనక్కి చూస్తూ వచ్చాడు.

“లోపల ఎంతమంది?” మూర్తి అడిగాడు.

జోషువా గేటు కంప్యూటర్ వైపు చూశాడు.

“సున్నా అండి.”

“యల్లా! పేల్చండి!”

కొండ అదిరింది. ధూళి ఆకాశానికి లేచింది.

రాజలింగం ప్రతి ముఖంలోకీ తొంగి చూస్తున్నాడు. జోషువా చేతిలో పాస్ కనపడగానే లాక్కుని ఫొటో చూశాడు.

“హన్మాండ్లు అచ్చిండా?” అరిచినట్టే అడిగాడు.

“అతను లోపలికే వెళ్లలేదు కదా!”

రాజలింగం జోషువా పెదవుల వంకే చూశాడు. అర్థం కాలేదు. తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

“మందు వెట్టిన కొండెనక నుంచి అచ్చిండు సార్. నన్ను గేటు దిక్కు నూకిండు. పాస్ లేదని మళ్ల అచ్చిన తొవ్వనే పోయిండు.”

గేటు కంప్యూటర్‌లో ఇంకా సున్నానే ఉంది.

చెవుడని తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పకుండా, ఆరేళ్లుగా రాజలింగానికి సైరన్ అయినవాడు హన్మాండ్లే.