కొండెక్కని బండి

“చోక్ లాగి చూడండి,” అంది జ్యోతిలక్ష్మి.

మెకానిక్ త్రినాథ్ నవ్వాడు. అనకాపల్లి గవరపాలెం సందులో అతని షెడ్డు. ఆదివారమైనా తీసే ఉంది.

“ఇంత ఎండలో సోకెందుకక్కా? అది సలికి లాగేది. ప్లగ్గు పోయుంటాది. అయినా లేడీస్ సేతిలో పడితే ఏ బండైనా ఇలాగే దగ్గుతాది.”

“దగ్గుతున్నది బండండీ, నా చెయ్యి కాదు. సరే, ప్లగ్గే చూడండి.”

చూశాడు. కొత్త ప్లగ్గు బిగించి కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది గానీ, యాక్సిలరేటర్ తిప్పగానే గుక్కపట్టిన పిల్లలా ఎగిరెగిరి పడి ఆగిపోయింది. గాలి ఫిల్టర్ దులిపాడు. మళ్ళీ అదే వరస. జ్యోతిలక్ష్మి ఇక అతన్ని అడగలేదు. తనే వంగి చోక్ లాగి కిక్కు కొట్టింది. ఇంజను కుదురుగా తిరిగింది.

“చూశారా? గాలి తగ్గిస్తే నడుస్తోంది. అంటే పెట్రోలు చాలటం లేదు. కార్బురేటర్ విప్పండి.”

త్రినాథ్ తల గోక్కున్నాడు. “ఇదెవరు నేర్పేరక్కా?”

“ఘాట్ రోడ్డు.”

నిజమే. రావికమతం అవతల కొండ మీద బడిలో ఆమె విద్యా వాలంటీరు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. భర్త గాజువాకలో డ్యూటీకి బస్సులో పోతాడు గనక, అతని పాత మోటారు సైకిల్ తను తీసింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని బండెక్కిన మొదటిరోజు ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. చూస్తే చూసుకోనీ అనుకుంది. ఊరి చూపుల వల్ల బండి ఆగదు కదా!

కానీ బండి ఆగింది. కొత్తలో బాగానే పోయేది. తరవాత కొండ ఎక్కుడులో గుక్కపట్టడం మొదలైంది. రోజూ ఆలస్యమే. సోమవారం కూడా ఆలస్యమైతే పోస్టు వేరొకరికి ఇచ్చేస్తామని పై అధికారి తేల్చి చెప్పేశాడు. పోస్టు పోతే మళ్ళీ పొయ్యి దగ్గరికే.

ఇంట్లో మావగారు బంగారయ్యది ఒకటే పాట. “ఆ కొండదారి నీకొద్దమ్మా. ఆ బండికి కొండెక్కే సత్తువ లేదు. మానెయ్యి.”

“బండికి లేకపోతే నాకుంది మావయ్యా,” అనేది ఆమె, బండి తీస్తూనే.

త్రినాథ్ కార్బురేటర్ విప్పి, కింది గిన్నె పళ్ళెంలో వంచాడు. పెట్రోలుతో పాటు గోధుమరంగు ముద్ద జారింది. పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రం కూడా దాంతోనే మూసుకుపోయింది.

“తుప్పక్కా. పాత ట్యాంకు కదా.”

జ్యోతిలక్ష్మి వేలితో తీసి నలిపింది. వేళ్ళు అంటుకుపోయాయి. “తుప్పు ఇలా అంటుకుంటుందా?” అంటూ దాని మీద నాలుగు నీటిచుక్కలు వేసింది. ముద్ద ఇట్టే కరిగిపోయింది.

త్రినాథ్ వాసన చూశాడు. ఆమె మొహం చూశాడు. అనకాపల్లిలో పుట్టినవాడికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

“బెల్లం!”

ట్యాంకు దించి బోర్లిస్తే, లోపలి చెమ్మకి ఇంకా మెత్తబడని ముక్క ఒకటి టక్కున రాలింది.

“ఎవరో గిట్టనోళ్ళ పనక్కా ఇది. పగున్నోళ్ళే ట్యాంకులో పంచదార పోత్తారు. మూతకి తాళం లేదా?”

“ఎప్పుడో పాడైంది. తిప్పితే వచ్చేస్తుంది.”

“ఇంట్లో బండి దగ్గరికి ఎవులొత్తారు?”

ఆమె ఆ ముక్కని కాగితంలో చుట్టింది. తెల్లారగట్ల క్యారేజీతో బయటికి వచ్చేసరికి రోజూ మావగారు బండి పక్కనే ఉంటాడు. తనని చూడగానే చెయ్యి తువ్వాల్లో దాచేస్తాడు. చుట్ట కాబోలు అనుకుని, “పెట్రోలు దగ్గర వద్దు మావయ్యా,” అని కసిరింది కూడా. ఇప్పుడు తెలిసింది, అది చుట్ట కాదు. ఎదురుగా మానెయ్యమని చెప్పి, చాటుగా మాన్పించే పని చేశాడన్నమాట.

“అంతా కడిగి బిగించండి. ట్యాంకు మూతకి కొత్త తాళం కూడా వెయ్యండి,” అంది.

ఆమె ఇంటికి చేరేసరికి బంగారయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బండి కుదురైన చప్పుడు విని లేచాడు. “నడుత్తందేటి?” అన్నాడు.

“నడుత్తంది. నడిపించేను!” బండి స్టాండేసి, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఆయన ముందు పెట్టింది. “మావయ్యా, ఈ బండి ఆగిపోతే సైకిలు తొక్కుతాను. సైకిలు దాచేత్తే నడిచెళ్తాను. కొండ మీద పిల్లలు నాకోసం సూత్తంటారు. మీరు ట్యాంకులో బెల్లం దిమ్మలు దించినా సరే, రేపు పొద్దున్న నేను బయల్దేరతాను. ఏం చేసుకుంటారో చేసుకోండి!”

పక్కింటివాళ్ళు తలుపు ఓరగా తీశారు. ఆమె లెక్కచెయ్యలేదు.

బంగారయ్య ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంకా కరగలేదేటి?” అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “అంటే, ఏసింది మీరేనా?”

“నేనే. రోజూ ఏసేను. నిన్న ఎక్కుడులో మరీ ఆగిపోనాదన్నావని, ఇయ్యాల పెద్దముక్కే ఏసేను.”

“నేనేం పాపం చేశాను మావయ్యా? ఎందుకేసేరు?”

ముసలాయన తెల్లబోయి ఆమెకేసి చూశాడు.

“కొండెక్కే ముందు ఎడ్లకి బెల్లమే పెట్టేవోణ్ణమ్మా, సత్తువొత్తాదని.”