డేగగారి విరాళం

అనగనగా ముళ్లపొదల నడుమ ఒక పక్షుల విశ్వవిద్యాలయం. గాలివానకు దాని గూడు సగం కూలింది. పూర్వ విద్యార్థులను విరాళాలు అడగాలని కులపతి కొంగగారు నిర్ణయించారు. ఎవరికి ఎవరంటే ఇష్టమో కనుక్కుని వాళ్లనే పంపడం అక్కడి పద్ధతి.

“డేగగారి దగ్గరకు నువ్వెళ్లమ్మా. నువ్వంటే ఆయనకు మహా ఇష్టం,” అన్నారు కౌజుపిట్టతో.

“అదేనండీ నా భయం,” అంది కౌజుపిట్ట. అది ఎగరడంలో ఏటా తప్పి, చివరికి ఆ గూట్లోనే కొలువు చూసుకుంది. పొదలో నక్కడం తప్ప మరో విద్య రాదని తనే చెప్పుకుని నవ్వేది.

“ముందు క్షేమం అడుగు. వెళ్లగానే రెక్క చాచకు,” అన్నారు కొంగగారు.

డేగ ఉండే ఎండిన మద్దిచెట్టు కిందకు వెళ్లి నిలబడింది కౌజుపిట్ట. అది క్షేమం అడిగేలోపే డేగ తనే వంగి చూసింది.

“గూడు కూలిందటగా? అంతా నేనే కట్టిస్తాను. నాదొక్కటే కోరిక. ఏటా వచ్చి పిల్లల్ని చూసుకుంటాను. అందర్నీ ఆరుబయట వరసగా నిలబెట్టండి.”

కౌజుపిట్ట ప్రాణాలతో తిరిగొచ్చి, జరిగింది చెప్పింది. సంగతి విని కొంగగారు గంతులేశారు.

“ఎంత అభిమానం! వాకిట్లో ఆయన పేరు చెక్కించండి. పిల్లలకు స్వాగతగీతం నేర్పమ్మా!”

“చిత్తమండీ,” అంది కౌజుపిట్ట.

పిల్లలను పొద దగ్గరకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి చెప్పింది: “ఈ పాట నోరు మూసుకుని పాడాలర్రా. ఆకాశంలో నీడ కదలగానే లోపలికి దూరడమే పల్లవి.”