అతిథి ముక్క

ఉపవాసం గురించి అంత చక్కగా ప్రసంగించే ఫాదర్ విల్లెమ్‌కి కోడి కందనకాయ మీద అంత ఆశేమిటన్న అనుమానం ఉపదేశి లుబోవాను ఏళ్లుగా తొలుస్తోంది. మసాకా దగ్గరి ఆ ఊళ్లో ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ అతనింట్లోనే భోంచేస్తారు. అక్కడి ఆచారం ప్రకారం ఇంటి యజమాని తినాల్సిన, అతిథి వస్తే అతిథికి పెట్టాల్సిన ఆ ముక్కను నమలకుండా గుటుక్కున మింగేస్తారు.

ఈసారి అక్కడి ఆడవాళ్ల పద్ధతిలో మోకాళ్ల మీద కూర్చుని వడ్డిస్తున్న లుబోవా భార్య నంటాలె ఉండబట్టలేక అడిగేసింది. "ఫాదర్, అదంటే మీకంత ఇష్టమా?"

"ఇష్టమా! చూస్తేనే కడుపులో తిప్పుతుందమ్మా. వద్దంటే మీరు నొచ్చుకుంటారని, ప్రాయశ్చిత్తం అనుకుని మింగుతున్నాను."

లుబోవా చేతిలో అరటికాయ ముద్ద అలాగే ఉండిపోయింది. "పెట్టకపోతే మీరు నొచ్చుకుంటారని నేను నోరు కట్టుకున్నాను ఫాదర్!"

ఫాదర్ నవ్వి, ముక్కను అతని పళ్లెంలో వేశారు. "ఇద్దరం ఎంత త్యాగం చేశాం!"

"చేశార్లెండి," అంది నంటాలె. "ఆడది కోడిని తినకూడదని మీ మగాళ్లు ఆచారం పెడితిరి. ఇన్నేళ్లూ కడిగి వండిన నాకు దాని వాసనే గతి."

లుబోవా తల వంచుకుని, ఆ ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నీ బాకీ."

నంటాలె నిదానంగా నమిలింది.

"ఉప్పు చాల్లేదు," అంది.