తలుపుకి కట్టిన తీగ

నలభై ఏళ్ల కాపురంలో డెల్బర్ట్ ఒక్కనాడూ కాఫీ పెట్టిన పాపాన పోలేదు. ఇవాళ పెట్టాడు. ఆ నలభై ఏళ్లే నయమనిపించింది అర్డిస్‌కి.

లాయర్ హాగెన్ ఒక గుక్క తాగి, కప్పు మర్యాదగా దూరం జరిపాడు.

"మొక్కజొన్న చేల అవతల ఉన్న ఆ పాతింట్లో ఎవరైనా ఉంటున్నారా?"

"మా అమ్మ పోయాక ఎవరూ లేరు" అన్నాడు డెల్బర్ట్. " ఆవిడ టమాటాలు నిలవపెట్టుకునే గాజు సీసాలున్నాయి. రెండుసార్లు కొన్ని మాయమయ్యాయి. అందుకే తుపాకిని మంచానికి బిగించి, ట్రిగ్గర్‌కి తగిలించిన తీగ తలుపుకి కట్టాను. నా ఇల్లు, నా తుపాకి."

"మీరు లోపలుండగా ఎవరైనా మీద పడితే, ప్రాణభయంతో కాల్చారని వాదిస్తాను. సీసాల కోసం మనిషి కాలు పేల్చడానికి అయొవా రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. మీరు అక్కడ నిలబడి చెయ్యకూడని పని తీగతో చేయించినా నేరమే."

"లోపలికి రావద్దని బోర్డు పెట్టాగా."

"తుపాకి ఉందని రాశారా?"

"రాస్తే ఎవరొస్తారు?"

హాగెన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మురికేం లేదు దానికి.

అర్డిస్ కిటికీలోంచి పెరడు చూస్తూ కూర్చుంది. టమాటాలు పండి రాలిపోతున్నాయి. వాటి సంగతి ఇక ఈ ఏడాదికి అంతే.

"మూడింటికి షెరీఫ్ వస్తాడు. దెబ్బ తిన్న మనిషి ఇచ్చే వాంగ్మూలాన్ని బట్టే మీరు ఇంట్లో ఉండేదీ, జైల్లో ఉండేదీ. క్షమాపణ అడిగారా?"

"నేనెందుకడగాలి? చెప్పకుండా వెళ్లింది నేనా? అమ్మ సీసాలు ముట్టుకోవద్దని వెయ్యిసార్లు చెప్పాను."

"వెయ్యా? నేను లెక్క పెట్టడం మానేసి చాలా ఏళ్లయింది" అంది అర్డిస్. "ఖాళీ సీసాలు, డెల్. వాటిల్లో మీ అమ్మ లేదు."

డెల్బర్ట్ కాఫీ గిన్నె అందుకున్నాడు. ఆమె కప్పు ఖాళీ కాకపోయినా మళ్లీ నింపాడు. ఆమె వద్దనలేదు. అనే ఓపిక లేదు.

గేటు దగ్గర షెరీఫ్ కారు ఆగింది.

డెల్బర్ట్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు, నేల మీద మోకరిల్లాడు, కట్టు కట్టిన అర్డిస్ కాలి కింద దిండు సరిచేసి, "తప్పు నాదే" అన్నాడు.