పట్టని ర్యామ్

"ఇదీ పట్టలే మేడం."

సుదర్శన్ మాస్టారు ర్యామ్ ముక్కను బల్ల మీద పెట్టి నుదుటి చెమట తుడుచుకున్నాడు. పుంగనూరు నుంచి మదనపల్లెకు, మెర్లిన్ కంప్యూటర్ షాపుకు, ఆయన రావడం ఇది మూడోసారి.

"అయ్యో, యాల పట్టలేదు సార్?" అంది మెర్లిన్, ఏమీ ఎరగనట్టు.

ఎందుకు పట్టలేదో ఆమెకు తెలియదా! మొదటిరోజే ఆయన ఫోన్‌లో మదర్‌బోర్డు ఫొటో చూపించాడు. పాత మిషను, దానికి డీడీఆర్ త్రీ రకం ర్యామ్ ఒక్కటే సరిపోతుంది. ఎవరి మిషనుకు ఏ ర్యామ్ పడుతుందో పేరు వినగానే చెప్పేసే మనిషి, ఈయనకు మాత్రం మొదట ల్యాప్‌టాప్‌లో పెట్టే పొట్టిది ఇచ్చింది. రెండోసారి డీడీఆర్ ఫోర్ ఇచ్చింది. గంటు కలవదు, లోపలికి దిగదు, ఆయన మళ్లీ వస్తాడు. అంతే ఆమెకు కావలసింది.

"ఇంట్లో నేనూ, ఆ కంప్యూటరూ, అంతే మేడం" అని ఆయన నవ్విన రోజు నుంచి ముప్పై ఎనిమిదేళ్ల మెర్లిన్ పుంగనూరు బస్సు హారన్ వినపడితే చాలు, పని ఆపి రోడ్డు వైపు చూస్తోంది. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకున్నా ఆ బస్సే. సిగ్గులేదా నీకు అని తనను తానే తిట్టుకుంటుంది. మళ్లీ చూస్తుంది.

"సీపీయూనే ఎత్తుకోని వచ్చేదా మేడం?"

"వద్దొద్దు! బస్సులో అదిరిపోతాది."

"మాటిమాటికీ పర్మిషన్ అడుగుతాండానని మా హెడ్మాస్టరు అరుస్తాండాడు."

ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయి ఉంది. మెర్లిన్ మనసు చివుక్కుమంది. తన ఆశ కోసం ఇంత మంచి మనిషిని ఎండలో తిప్పుతోంది. పాపం కాదూ? లోపలికి వెళ్లి, డ్రాయరు అడుగున దాచిన డీడీఆర్ త్రీ ప్యాకెట్టు తెచ్చి ఇచ్చింది.

"ఇది పడ్తాది సార్. ఇంక మీరు ఇంత దూరం వచ్చే పన్లేదు." ఆ మాట రోడ్డు వైపు చూస్తూ అంది.

ఆయన ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కచ్చితంగా పడ్తాదా?"

"నాది గ్యారంటీ."

ఆయన మొహం వాడిపోయింది. తలూపి, గుమ్మం దాకా నడిచి ఆగాడు. వెనక్కి వచ్చి ప్యాకెట్టును ఆమె ముందు పెట్టాడు.

"ఇది వద్దు మేడం. పట్టనిదే ఇంకోటి ఇయ్యండి."