అరువు పేరు

"నా కొడుకు సద్ది గిన్నె మర్సిపోయిండు పీటరన్నా! ఎన్నడు మరువనోడు మర్సిండంటే, గియ్యాల ఏదో అయితది."

చంద్రవ్వ గిన్నెను కొంగులో చుట్టుకుని వాకిట్లో నిలబడింది. పక్కింటి అరుగు మీద పీటర్ బీడీ కాలుస్తున్నాడు.

"నీకు రోజూ ఏదో ఒకటి అయితనే ఉంటది" అన్నాడు.

అప్పుడే బొగ్గు బాయి సైరన్ మోగింది. మోగి ఆగలేదు; లోపల ప్రమాదమైతేనే అట్లా మోగుతుంది.

"నువ్వు లేవే అన్నా! నువ్వు లేకుంటే నన్ను గేటు లోపలికి రానియ్యరు."

అదీ నిజమే. చంద్రవ్వ కొడుకు హనుమండ్లు బాయిలో హనుమండ్లు కాడు, పీటర్సన్. పీటర్ బాయి పని నుంచి రిటైరైనప్పుడు ఆ నౌకరి అతని కొడుక్కు రావాల్సింది. తండ్రి కొట్టాడని ఆ పిల్లవాడు అంతకుముందే ఇల్లు విడిచి ఎటో పోయాడు. మొగుడు లేని చంద్రవ్వ కాళ్లు పట్టుకుంటే, ఎట్లాగూ మురిగిపోయే నౌకరే కదా అని పీటర్ తన కొడుకు పేరును హనుమండ్లుకు అరువిచ్చాడు.

గేటు దగ్గర కావలివాడు అడ్డం వచ్చాడు.

"నా కొడుకు లోపలున్నడు. గీమె పక్కింటామె" అన్నాడు పీటర్, బస్సులో సీటు అడిగినంత తేలిగ్గా.

చంద్రవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది.

బాయిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే గదిలో దేవదాస్ అని కొత్త గుమాస్తా ఉన్నాడు. మొన్ననే బదిలీ మీద వచ్చాడు, ఇంకా ఎవరి ముఖమూ తెలియదు.

"పైకప్పు కూలింది పెద్దయ్యా. అందరు ఎక్కొచ్చిన్రు. పీటర్సన్ ఒక్కడే అవుతల చిక్కిండు. పొద్దుగాల పేరు పిలిస్తే పలికిండు, లైటు తీస్కొని దిగిండు" అంటూ బాయి లోపలి ఫోను పిడి తిప్పాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ తిప్పాడు.

ఊరికే ఉండలేక అతనే మాట కలిపాడు. "మంచి పేరు పెట్టినవ్ పెద్దయ్యా. మా మిషన్ బడిల సారు చెప్తుండె, పీటర్సన్ అంటే పీటర్ కొడుకే. ఎనుకట ఇంగ్లండుల మామూలు జనానికి ఇంటిపేర్లు లేకుండెనట. ఒక్కూర్లె నలుగురు జాన్‌లుంటే, పీటర్ కొడుకు జాన్ అని గుర్తువట్టేటోళ్లు. పోను పోను గదే ఇంటిపేరై కూసున్నది. మునిమనుమలు గూడ పీటర్సన్‌లే, వాళ్లల్ల ఒక్కని తండ్రి గూడ పీటర్ కాదు."

"పీటర్ కొడుకు కానోనికి గూడ గదే పేరా?" అంది చంద్రవ్వ.

"గదే."

పీటర్ నవ్వాడు. చంద్రవ్వ అతని చెవి దగ్గర పళ్లు కొరికింది.

"నీ కన్నకొడుకైతే గిట్ల నవ్వుదువా?"

"నా కొడుకైతే ఏడుద్దును. వాడు ఏ దేశంల ఉన్నడో, ఉన్నడో లేడో."

"నిన్న మావోనికి మంచిర్యాల బస్టాండుల ఎవలో కలిసిన్రట అన్నా. రాత్రి బువ్వ ముట్టలే. 'పరాయి పేరు ఎన్నొద్దులు మోస్తనే అవ్వా, ఎవలిది వాళ్లకిచ్చేస్త' అన్నడు. సావు మాట గాదే అది? నేను లేవకముందే పోయిండు. ముఖం గూడ చూడలే…"

ఫోను అటువైపు ఎవరో ఎత్తారు.

"పీటర్సన్! పీటర్సన్!" దేవదాస్ అరిచాడు. ఊపిరి తప్ప మాట లేదు.

చంద్రవ్వ ఫోను గుంజుకుంది. నౌకరి పోతే పోనీ.

"హనుమండ్లూ! అవ్వనురా, బిడ్డా! ఒక్క మాట పలుకురా!"

దేవదాస్ బిత్తరపోయి చూశాడు. అటునుంచి అదే ఊపిరి.

"వాని నోరు పడిపోయింది అన్నా! నువ్వన్న పిలువే!"

పీటర్ విసుగ్గా అందుకున్నాడు. "ఏందిరా, అవ్వ గింత మొత్తుకుంటుంటే పలుకవు?"

అవతల నుంచి ఏదో వినబడింది. పీటర్ గోడ పట్టుకున్నాడు.

"ఏమన్నడు? బతికే ఉన్నడా? నీ కాల్మొక్త, చెప్పన్నా!"

పీటర్ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకున్నాడు. చంద్రవ్వ అతని అంగీ పట్టి గుంజుతూనే ఉంది. ఫోను వదలకుండానే ఆమె వైపు తిరిగాడు.

"చంద్రవ్వా… లోపలున్నది నీ హనుమండ్లు గాదు, నా కన్నకొడుకే."